యసుకుని దేవళమున భారతీయుని శిల

జపాను రాజధానియగు టోకియో నగరమున, చక్రవర్తి కోటకు చేరువను, కుడాన్ అను మిట్టపై యసుకుని యను దేవళము కలదు. 2005వ సంవత్సరమున ఆ దేవళపు ఆవరణములో నొక శిలను నిలిపిరి. న్యాయమూర్తి దుస్తులతో నున్న యొక భారతీయుని చిత్రము దానియందు పొదుగబడియున్నది. ఆయన రాధావినోదపాలుగారు. వంగదేశమున నదియా మండలమున 1886లో జనించి, కలకత్తా హైకోర్టున న్యాయమూర్తియై, 1944 మొదలు 1946 వరకు కలకత్తా విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షులైన విద్వాంసులు. టోకియో యుద్ధనేరముల న్యాయస్థానమున కూర్చుండిన పదునొకండుగురు న్యాయమూర్తులలో, నిందితులందరును నిర్దోషులని తీర్పు వ్రాసినవారు ఆయన యొక్కరే.

ఆ శిలను చూచినప్పుడు భారతీయుని గుండె పొంగుట సహజము. పరదేశపు దేవళమున మనవాని ముఖము కనబడినచో నెవ్వరికి సంతోషము కాదు? మేమా సంతోషమును నిందింపము. అయినను, ఆ శిలను నిలిపిన చోటెట్టిది, అచ్చట మనవాని పేరు ఏ పనికి వినియోగపడుచున్నది యని యడుగకయే పూలు పెట్టి వచ్చుట జాతీయవాదులకు తగదని మా యభిప్రాయము.

ముందుగా నొక భ్రమను తొలగింపవలసియున్నది. షింటో మతము జపానీయుల పురాతన ధర్మము. కొండకు, వృక్షమునకు, జలపాతమునకు, పూర్వులకు మ్రొక్కుట దాని పద్ధతి. దేవతను వారు కామి యందురు. ఇసే యను చోట సూర్యదేవత యగు అమతెరాసు కొలువున్నది. ఆ గుడిని ఇరువది యేండ్లకొకమారు క్రొత్త కొయ్యతో మరల కట్టు నాచారము 690వ సంవత్సరమున మొదలై, నడుమ యుద్ధములవలన కొన్నిమార్లు తడవైనను, 2013లో అరువదిరెండవ మారు జరిగినది. యసుకునియు నట్టి ప్రాచీన క్షేత్రమే యని మనవారిలో పెక్కురు తలంచుచున్నారు. కాదు. యసుకుని పుట్టినది 1869లో. మన ప్రథమ స్వాతంత్ర్య సమరము ముగిసిన పదేండ్ల పిదప. మద్రాసు హైకోర్టు 1862లో వెలసినది. అనగా ఈ దేవళముకంటె మన మద్రాసు హైకోర్టే యేడేండ్లు పెద్ద!

ఆనాడు జపాను రెండుగా చీలియుండెను. రెండున్నర శతాబ్దములకు పైగా దేశము నేలిన తోకుగావా షోగనుల ప్రభుత్వము కూలినది. మెయిజీ చక్రవర్తి పేరిట సత్సుమా, చోషూ సంస్థానములవారు రాజ్యమును చేబట్టిరి. 1868, 1869 సంవత్సరములలో బోషిన్ యుద్ధమను నంతఃకలహము జరిగినది. ఆ పోరున చక్రవర్తి పక్షమున మడిసినవారికై కుడాన్ మిట్టపై గుడి కట్టిరి. మృతుల యాత్మల నాహ్వానించు గుడి యను నర్థముతో మొదట దానికి టోకియో షోకొన్‌షా యని పేరు. 1879లో యసుకుని యని మార్చిరి; దేశమునకు ప్రశాంతి కలిగించునది యని దాని భావము. దారి నడుమ ఎత్తైన స్తంభముమీద నేటికిని నిలిచియున్న కంచువిగ్రహము దేవతది కాదు, ఋషిది కాదు; జపాను నవీనసైన్యమునకు పునాది వేసిన ఒమురా మసుజిరోది. 1893లో దాని నెత్తిరి. గుడి స్వభావమును తెలిసికొనుటకు గర్భాలయమువరకు పోనక్కరలేదు.

గర్భాలయమున మృతుల యస్థులు లేవు, బూడిద లేదు. ఉన్నవి పేర్లు. చచ్చినవాని పేరు పట్టిక కెక్కి, కర్మ జరిగినంతనే యతడు కామి యగును. ఇట్లు దేవతలైనవారు 24 లక్షల 66 వేలమంది. 1904-05 రష్యా యుద్ధమున మడిసినవారు వీరిలో 88 వేలు. 1941 మొదలు 1945 వరకు జరిగిన మహాయుద్ధమున మడిసినవారు 21 లక్షల 33 వేలు. సేనాధిపతి యైనను, సామాన్యపు సిపాయి యైనను, గాయపడినవారి సేవలో ప్రాణము విడిచిన దాది యైనను, పట్టికలో నొకే వరుస. ఈ సమత్వమును మెచ్చక తప్పదు. చచ్చిన పిదపనైనను హోదాలు మరచుట మంచిదే. చైత్రమాసమున ఆ యావరణమంతయు చెర్రిపూలతో నిండును. టోకియోలో ఆ పూలు విచ్చినవని వాతావరణ శాఖవారు ప్రకటించుటకు గురుతుగా పెట్టుకొనిన చెట్టు ఆ దేవళములోనిదే. అచ్చటికి పోయినవారి మనసు మెత్తబడుటలో వింతలేదు.

అయితే ఎవరికి చోటున్నదో చూచిన పిమ్మట ఎవరికి చోటు లేదో గూడ చూడవలెను. బోషిన్ యుద్ధమున షోగను పక్షమున నిలిచి నేలకూలిన ఐజు సంస్థానపు వీరులకు చోటు లేదు. వారు జపానీయులు కారా? సైగో తకమోరి మెయిజీ ప్రభుత్వమును నిలబెట్టిన మువ్వురు మహాపురుషులలో నొకడు. తరువాత దానిపైననే తిరుగబడి 1877లో మడిసెను. ప్రభుత్వము 1889లో నాతని క్షమించినది. 1898లో ఉయెనో తోటయందు ఆతని విగ్రహము వెలసినది. యసుకుని పట్టికలో మాత్రము ఆతని పేరెక్కలేదు. 1945 మార్చి 10వ తేదీ తెల్లవారుజామున అమెరికా విమానములు టోకియో నగరమును కాల్చినప్పుడు లక్షమంది సామాన్యులు బూడిదయైరి. ప్రభుత్వము పనికి నియమించిన కొందరు దక్క, వారికిని, హిరోషిమా నాగసాకి పౌరులకును చోటు లేదు. దేశముకొఱకు చచ్చుట యొక్కటే చాలదు. సర్కారు పక్షమున, సర్కారు పనిలో చావవలెను. ఇది శ్రాద్ధము కాదు, జాబితా.

జపాను ప్రాచీన సంప్రదాయ మిట్టిది కాదు. సుగవారా మిచిజానే యను పండితుడు శత్రువుల కొండెములకు గురియై 901లో రాజధానినుండి వెళ్లగొట్టబడి, రెండేండ్లకు దూరదేశమున చచ్చెను. పిమ్మట నగరమునకు పిడుగులు, మరణములు వరుసగా వచ్చినవి. అన్యాయము పొందినవాని యాత్మ క్షోభించుచున్నదని యెంచి, వెళ్లగొట్టిన రాజధానివారే కితానోలో 947లో నాతనికి గుడి కట్టిరి. నేడు జపాను విద్యార్థులు పరీక్షలకు ముందు మ్రొక్కునది ఆతనికే. మంగోలులు రెండుమార్లు దండెత్తివచ్చి యోడిపోయినప్పుడు, జపాను నేలిన హోజో తోకిమునే 1282లో కామకురాయందు ఎంగకుజీ యను బౌద్ధవిహారమును స్థాపించి, తనవారితోబాటు శత్రుసేనల మృతులకును శాంతి కోరెను. ఓడినవానికి మ్రొక్కుట, పగవాని చావునకు గూడ తలవంచుట జపాను పెద్దలు నేర్పిన మర్యాద. ఆ మర్యాదను త్రోసివైచినది యసుకుని. కావున యసుకునిని విమర్శించువారు జపాను ధర్మమును దూషించుచున్నారను వాదమును మేమంగీకరింపము. వేయేండ్ల ధర్మమునకు నూటయేబదియైదేండ్ల ప్రభుత్వకార్యము ప్రతినిధి యెట్లగును?

మన పల్లెల పొలిమేరలందు వీరగండ్లున్నవి. పసులను తోలుకొనిపోవు దొంగల నెదిరించి మడిసినవానికి ఊరివారు రాయి నిలిపి, పసుపు పూసి, పండుగనాడు కొబ్బరికాయ కొట్టుదురు. వాడు తమవాడు, వాని చావు తామెరిగినది. యసుకుని యట్లు కాదు. 1945 వరకు దానిని నడపినది సైన్యశాఖ, నౌకాశాఖ. క్రొత్తపేర్లు చేర్చు నుత్సవమునకు మృతుల తల్లిదండ్రులను, భార్యలను సర్కారు ఖర్చుతో రాజధానికి రప్పించెడివారు. చీకటిలో, దీపములార్పి, పేర్ల పట్టికను పల్లకిపై గర్భాలయమునకు గొనిపోవుదురు. చక్రవర్తి స్వయముగా వచ్చి తలవంచును. మారుమూల పల్లెలో వరిమడి చేసికొను తల్లికి, తన బిడ్డకు చక్రవర్తి మ్రొక్కుటకంటె గొప్ప యింకేమున్నది? కడుపుకోత గర్వముగా మారును. గర్వపడిన తల్లి, నా బిడ్డ నెందులకు పంపితిరని యడుగదు. చేతనైన రెండవవానిని గూడ పంపును. యుద్ధము ముదిరినకొలది ఆత్మాహుతి విమానములెక్కిన పడుచువాండ్రు ఒకరికొకరు యసుకునిలో కలిసికొందమని వీడ్కోలు చెప్పుకొనుచు పోయిరి.

మేము దీనిని వెక్కిరించుటకు వ్రాయుటలేదు. ఆ తల్లి భక్తి నిజమైనది. ఆ పిల్లవాని ధైర్యము నిజమైనది. ఆ నిజమును ముడిసరుకుగా వాడుకొనిన యంత్రమును గూర్చియే మా మాట. చచ్చినవానికై యేడ్వనిచ్చు దేశము, వాడేల చచ్చెనని యడుగనిచ్చును. చచ్చినవానిని దేవుని జేసినచో ప్రశ్నయే యపచారమగును.

1945 ఆగస్టులో జపాను లొంగిపోయినది. అదే యేట డిసెంబరు 15న అమెరికా ఆక్రమణాధికారులు ప్రభుత్వమునకు షింటో గుళ్లతో గల సంబంధమును త్రెంచివైచిరి. 1947లో నమలునకు వచ్చిన రాజ్యాంగము ఇరువదవ యధికరణమున దానినే స్థిరపరచినది. యసుకుని ఇతర మతసంస్థలవలె నొక ప్రైవేటు సంస్థ యయ్యెను. కాగితముపై కథ యంతటితో ముగిసినది. కాని యే సిపాయి యెచ్చట చచ్చెనో యెరిగినది సర్కారే కదా! ఆరోగ్య సంక్షేమ శాఖ మృతుల పేర్లను దేవళమునకు పంపుచునే యుండెను. 1966లో నా శాఖనుండి మరియొక జాబితా వచ్చినది. అందు టోకియో న్యాయస్థానము ప్రథమశ్రేణి యుద్ధనేరస్థులని నిర్ణయించినవారి పేర్లున్నవి. అప్పటి ప్రధానార్చకుడు త్సుకుబా ఫుజిమారో దానిని ప్రక్కన పెట్టి, తాను జీవించినంతకాలము ముట్టలేదు. ఆయన 1978లో గతించెను. ఆయన స్థానమునకు వచ్చిన మత్సుదైరా నగయోషి పూర్వాశ్రమమున నౌకాదళాధికారి. 1978 అక్టోబరు 17న, లోకమునకు తెలియనీయక, ఆ పదునలుగురిని దేవతలలో చేర్చెను. వారిలో మొదటి పేరు యుద్ధకాలపు ప్రధానమంత్రి తోజో హిదెకి. మరునాటి యేప్రిలున గాని యీ వార్త పత్రికలలో రాలేదు.

ఇచ్చట మా పాఠకులు గమనింపవలసిన దొకటి కలదు. ఏ చక్రవర్తి పేరిట ఇరువదియొక్క లక్షలమంది చచ్చిరో ఆ షోవా చక్రవర్తి 1975 నవంబరు 21న కడపటిసారి యసుకునికి పోయెను. ఆ పదునలుగురు చేరిన పిదప 1989లో మరణించువరకు మరల నచ్చట నడుగు పెట్టలేదు. ఆయన యాస్థానోద్యోగి తోమితా వ్రాసికొనిన కాగితములు 2006లో బయటపడగా కారణము తెలిసినది: ఆ చేర్పు చక్రవర్తికి రుచింపలేదు. ఆయన కుమారుడు అకిహితో చక్రవర్తి ముప్పదియేండ్ల పాలనలో నొక్కమారైనను పోలేదు. చక్రవర్తి భక్తికై కట్టిన గుడికి చక్రవర్తియే రాకపోయెను! అచ్చట దేశభక్తిని బోధించువారికి ఇంతకంటె గట్టి సమాధానము శత్రువు లియ్యలేరు.

మంత్రులు మాత్రము పోయిరి. నకసోనె 1985లో, కొయిజుమి 2001 మొదలు 2006 వరకు ఏటేట, అబే 2013 డిసెంబరులో ప్రధానమంత్రులుగా నుండి యసుకునిని దర్శించిరి. ప్రతిమారును చైనా, కొరియా దేశములు ఆగ్రహించినవి. ఆ యాగ్రహములో ఆయా ప్రభుత్వముల స్వప్రయోజనము గూడ కొంత కలిసియున్నదని మేమెరుగుదుము; తమ ప్రజలపై తామే తుపాకులు కాల్చిన ప్రభుత్వములు ఇతరుల పాపములను లెక్కించునప్పుడు వినువారికి నవ్వు వచ్చును. అయినను, చెప్పినవాడు శుద్ధుడు కానంతమాత్రమున చెప్పినది యబద్ధము కాదు.

కొరియావారి కష్టము వేరొకటియు నున్నది. పరాధీనులై జపాను సైన్యమున బలవంతముగా చేర్పబడి చచ్చిన కొరియా వాసులు 21 వేలమంది, తైవాను వాసులు 28 వేలమంది యసుకునిలో జపాను దేవతలై యున్నారు. వారి కుటుంబముల నడిగినవారు లేరు. బ్రతికియున్నవాని పేరు గూడ మృతుల పట్టిక కెక్కినది! మా తండ్రి పేరు తీసివేయుడని బిడ్డలు వచ్చి యడిగిన, ఒకమారు చేర్చిన యాత్మ మిగిలినవానితో నేకమైపోవును, విడదీయుట సాధ్యము కాదని దేవళమువారి జవాబు. న్యాయస్థానములకు పోయిరి. 2025 జనవరిలో జపాను అత్యున్నత న్యాయస్థానము ఇరువదియేండ్ల గడువు దాటినదను కారణమున వారి వ్యాజ్యమును త్రోసివైచినది. జపాను స్త్రీకే యట్టి యనుభవము కలిగినది. రక్షణదళమున పనిచేయుచు ప్రమాదమున చనిపోయిన యొకని భార్య క్రైస్తవురాలు. వలదని యామె మొరపెట్టినను యామగూచి మండలమున నిట్టిదే యగు గుడిలో నాతనిని దేవుని జేసిరి. 1988లో నా న్యాయస్థానమే యామె యోర్చుకొనవలెనని చెప్పినది. మనవారిని తెల్లదొరలు పరదేశముల యుద్ధములకు గొనిపోయి చంపించి, పిమ్మట స్తంభములపై పేర్లు చెక్కించిరి. అందుకు మనమెట్లు మండిపడితిమో జ్ఞాపకమున్నవారికి కొరియా బిడ్డల బాధ వివరింపనక్కరలేదు.

ఇక పాలుగారి తీర్పు. 1946 మే నెలలో టోకియో న్యాయస్థానము కొలువు తీరినది. ఇరువదియెనిమిదిమందిపై నేరము మోపిరి. ఇరువదియైదుగురికి 1948 నవంబరున శిక్షలు విధించిరి. డిసెంబరు 23న ఏడుగురిని ఉరితీసిరి. పాలుగారు 1,235 పుటల భిన్నమైన తీర్పు వ్రాసిరి. దాని వాదము స్థూలముగా నిట్టిది: దురాక్రమణ యుద్ధము నేరమను శాసనము ఆ యుద్ధము జరిగిన కాలమున అంతర్జాతీయ న్యాయమున లేదు; కార్యము జరిగిన పిదప గెలిచినవాడు శాసనము పుట్టించి ఓడినవానిని శిక్షించుట న్యాయము కాదు, పగ; 1928 మొదలు వీరందరును గూడి కుట్రపన్నిరనుటకు రుజువు లేదు; పడమటి రాజ్యములు తాము వలసలు సంపాదించిన త్రోవనే యింకొకడు త్రొక్కినప్పుడు నేరమనుట వింత. అణుబాంబును గూర్చియు ఆయన నిర్భయముగా వ్రాసిరి.

ఇది నిష్పక్షపాతియైన న్యాయవేత్త వ్రాసిన తీర్పు; పరాధీన దేశమున పుట్టినవాడే వ్రాయగల తీర్పు. 1919లో జలియన్‌వాలాబాగున కాల్పించినవానిని ఏ న్యాయస్థానమున నిలిపిరి? 1943 వంగదేశపు కరవులో ముప్పదిలక్షలు చచ్చిరి. దానికై బ్రిటిషువారిలో నేమంత్రిపై నేరము మోపిరి? ఈ ప్రశ్న లడుగు హక్కు మనకున్నది. పాలుగారు మనందరి పక్షమున వాని నడిగిరి. ఆ మేరకు ఆయన కీర్తి మన కీర్తి.

కాని యాయన నిర్దోషులన్నది ఆ బోనులోని ఇరువదియైదుగురు మనుష్యులను. జపాను చేసిన యుద్ధమును కాదు. ఆ తీర్పులోనే, జపాను సేనలు ఆక్రమించిన దేశముల ప్రజలయెడను, చిక్కిన బందీలయెడను ఘోరకృత్యములు చేసిరనుటకు సాక్ష్యము తిరుగులేనిదని పాలుగారు స్పష్టముగా వ్రాసియున్నారు. ఆ ఘోరములకు ఈ నిందితులు స్వయముగా బాధ్యులను రుజువు చాలదనుట వేరు, ఘోరములే జరుగలేదనుట వేరు. జపానున యుద్ధమును సమర్థించువారు మొదటి భాగమును బంగారు పూతతో చెప్పుకొని, రెండవ భాగమును మ్రింగివైచుచున్నారు. 1967లో కాలధర్మము నొందిన పాలుగారిని, ముప్పదియెనిమిదేండ్ల తరువాత యసుకునిలో శిలగా నిలిపినప్పుడు, ఆయనను సాక్షిగా పిలిచిరా, బందీగా పట్టిరా?

మాకీ పట్టుదల యేల యని కొంద రడుగవచ్చును. చైనావారి సంగతి, కొరియావారి సంగతి మనకేల? మన సంగతియే చెప్పుదము. 1941 డిసెంబరు 23న జపాను విమానములు రంగూనుపై బాంబులు వేసినవి. ఆ రేవున మూటలు మోయు కూలీలలో పెక్కురు గోదావరి, విశాఖపట్టణము, గంజాము మండలముల తెలుగువారు. అటుపిమ్మట కొండలు, అడవులు దాటి కాలినడకను స్వదేశమునకు బయలుదేరినవారిలో నెంతమందియో త్రోవలోనే రాలిపోయిరి. 1942 ఏప్రిలు 6న బాంబులు విశాఖపట్టణముపైనను, కాకినాడపైనను పడినవి. అండమానులలో 1944 జనవరి 30న హంఫ్రీగంజియొద్ద నలువదినలుగురు భారతీయులను గూఢచారులను నెపమున జపానువారు కాల్చిచంపిరి. స్వాతంత్ర్యసంఘమునకు అచ్చట నాయకుడుగా నుండిన వైద్యుడు దివాన్‌సింగు, ఆ నెలలోనే, తెల్లవారు మనవారికై కట్టిన ఆ చెరసాలలోనే, జపానువారి చిత్రహింసకు ప్రాణములు విడిచెను. నేతాజీ పోర్టుబ్లెయిరున త్రివర్ణపతాకము నెత్తి అప్పటికి పదునైదు దినములే యైనది! నేతాజీ త్యాగమునకు మేము చేతులెత్తి మ్రొక్కువారము; ఆయన చేయిపట్టిన స్నేహితుని చేతులు శుభ్రమైనవని చెప్పుట మాత్రము మా వలన కాదు.

ఇది మేము క్రొత్తగా కనిపెట్టిన జాతీయవాదము కాదు. 1905లో జపాను రష్యాను గెలిచినప్పుడు ఆసియా యంతయు పులకించినది. మనదేశపు పల్లెలలో గూడ ఆ వార్త నుత్సాహముతో చెప్పుకొనిరి. ఆ పులకింతను పంచుకొనిన రవీంద్రులే 1916లో జపాను వెళ్లి, జాతిని దేవతగా కొలుచుట యెంత ప్రమాదకరమో వారి యెదుటనే చెప్పిరి. చెప్పినందుకు అచ్చటివారు ఆయనను ఓడిన దేశపు కవి యని యెగతాళి చేసిరి. 1938లో చైనా యుద్ధమును సమర్థించుచు నోగుచి యను జపాను కవి వ్రాయగా రవీంద్రులు మొగమోటము లేక జవాబిచ్చిరి. ఆ యేటనే కాంగ్రెసువారు చైనాకు వైద్యుల బృందమును పంపిరి; వారిలో ద్వారకానాథ కోట్నీసు గాయపడినవారికి సేవచేయుచు 1942లో నచ్చటనే మరణించెను. ఆసియావాడనియు, తెల్లవాని నోడించెననియు నీతిని వదలివేయుట మన పెద్దలు నేర్పినది కాదు.

జపానీయులలో నీ మాట నెరిగినవారు లేకపోలేదు. 1959లో ప్రభుత్వము యసుకునికి కూతవేటు దూరమున చిదోరిగఫుచి యను చోట, పేరుతెలియని మృతుల యస్థులకై యేమతమునకును చెందని సమాధిస్థలమును నిర్మించినది. జాబితా ముట్టని యా త్సుకుబా ప్రధానార్చకుడే 1965లో యసుకుని యావరణములో నొక మూల, చిన్రెయ్‌షా యను చిన్న కొయ్యగుడిని కట్టించెను. పట్టిక కెక్కని జపానీయులకు, యుద్ధములలో మడిసిన సకలదేశముల వారికి శాంతి కోరు గుడి యది. ఐజు వీరులకును, సైగోకును, కాకినాడ మృతులకును నచ్చట చోటున్నదన్నమాట. దానిచుట్టు చాలకాలము ఇనుపకంచె వేసి యుంచిరి. పెద్దగుడి గోపురద్వారము వలె నెత్తైన తోరణమును చూచి మురియు యాత్రికులలో దానిని చూచినవారు మిక్కిలి యరుదు.

పాలుగారి శిల యూషూకాన్ అను ప్రదర్శనశాల ప్రక్కను నిలిచియున్నది. 1882లో స్థాపింపబడిన యీ శాల దేవళమువారిదే. యుద్ధమును వారెట్లు తలంచుదురో యది చెప్పును. వాకిటిలో ప్రవేశింపగనే యొక నల్లని రైలు యింజను కనబడును. సీ-56 తరగతిలో 31వ సంఖ్య గలది. సయాము, బర్మాల నడుమ జపాను సైన్యము 1942, 1943 సంవత్సరములలో వేయించిన 415 కిలోమీటర్ల యినుపదారి ప్రారంభోత్సవమున నడచిన యింజను. 1979లో దానిని సయామునుండి తెచ్చి దేవళమునకు సమర్పించిరి. ఆ దారి వేయుటలో పండ్రెండువేలకు పైగా తెల్లబందీలు చచ్చిరి. వారికై సమాధులున్నవి, గ్రంథములున్నవి, చలనచిత్రమున్నది. వారికంటె నెన్నోరెట్లు, చరిత్రకారుల యంచనాను తొంబదివేల వరకు, ఆసియా కూలీలు కలరా, మలేరియాలచే, ఆకలిచే, దెబ్బలచే చచ్చిరి. మలయా రబ్బరుతోటలనుండి లారీలపై తోలుకొనిపోయిన అరవవారును, తెలుగువారును వారిలో నుండిరి. వారు కామి కాలేదు. ఏ పట్టికయందును వారి పేర్లు లేవు.

ఇకమీదట టోకియో పోవు మన మంత్రులును, ప్రతినిధులును, యాత్రికులును పాలుగారి శిలకు నమస్కరింపదలచినచో నమస్కరింతురు గాక, మేమడ్డుచెప్పము. పూలు పెట్టిన పిమ్మట నా ప్రక్క వాకిటిలోనికి నాలుగడుగులు వైచి, ఆ యింజను ముందర గూడ నొక నిముసము నిలువవలెనని మాత్రము కోరుచున్నాము.